ఖాళీ గడి

తొక్తొసున్ కారెక్కాలంటే ముందు మన సంచీ తూకం.
చేత్తో ఎత్తి చూసి మొహం చిట్లిస్తాడు:
"ఓష్‌కి పుచ్చకాయలు మోసుకెళ్తున్నావా టీచరమ్మా?
అక్కడ పండేవే కదా ఇవి!"
ఒకటి డిపోలో కాపలావాడి పాలు.

బిష్కెక్ నుంచి ఓష్ దాకా పన్నెండు గంటలు.
పాత ఆడీ. పైన సామాన్ల కమ్ములు ఎప్పుడో పీకేశాడు,
గాలికి అడ్డమట.
యాక్సిలరేటర్ మీద ఆయన కాలు
నిద్రపోయిన పసిదానికి దుప్పటి కప్పుతున్నట్టుంటుంది.

ఎర్రదీపం ఎక్కడో కనబడగానే కాలు తీసేస్తాడు.
వెనక లారీవాడు హారన్ మోగిస్తాడు, తిడతాడు,
దూసుకుపోయి దీపం దగ్గర కీచుమని ఆగుతాడు.
పచ్చబడే వేళకి మేం ఆగకుండానే
వాడి పక్కనుంచి జారిపోతాం.
బ్రేకంటే, ఆయన లెక్కలో,
కొన్న పెట్రోలు కొన్నట్టే రోడ్డు మీద ఒలకబోయడం.

ఎండ తెర వెనక ఓ నోటుబుక్కు,
దారానికి కట్టిన పెన్సిలు.
ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని లీటర్లు, ఎంత మిగిలింది.
నా తరగతిలో ఇంత శుభ్రంగా గళ్ళు గీసే పిల్లాడు లేడు.
పెట్రోలు ధర రెండుసార్లు పెరిగింది.
నా ఛార్జీ పెరగలేదు.
ఎందుకని నేనడగలేదు, ఆయనా చెప్పలేదు.

"మా నాన్న గుర్రానికి చెప్పిందే దీనికీ.
ఎక్కుడులో తిట్టకు, దిగుడులో ఊరికే కళ్ళెం లాగకు.
దీని గడ్డే కాస్త ఖరీదు."

దిగుడులో ఓ కుర్రాడన్నాడు:
"న్యూట్రల్ చెయ్యి మామా, బోలెడు మిగులుతుంది!"
తొక్తొసున్ అద్దంలోంచి వాణ్ణి చూశాడు.
"గేరులో ఉంటే కొండే ఇంజన్ని తిప్పుతుంది, చుక్క తాగదు.
న్యూట్రల్లో బ్రేకులు కాలతాయి.
అప్పుడిక మిగిలేది పెట్రోలొక్కటే."

కానీ తో-అషూ సొరంగం దాటగానే,
ప్రతిసారీ,
కారు పక్కకి తీసి ఆపేస్తాడు.
వేడి ముల్లు ఎక్కడా లేవలేదు. ఎవరూ అడగలేదు.
కింద సుసామీర్ మైదానం, మంచు కరిగిన చోట గుర్రాలు,
చెవుల్లో గాలి.
బానెట్ మీద చెయ్యి పెట్టి నిలబడతాడు,
సిగరెట్టైనా కాల్చడు.

"మళ్ళీ స్టార్టు చేస్తే కాస్త తాగుతుంది కదా,
ఈ ఖర్చు ఏ గడిలో రాస్తావు?"
నవ్వులాటకే అడిగాను.
వినబడనట్టే ఉన్నాడు.

ఓష్‌లో ఆయన సంచులు దించుతుంటే
నోటుబుక్కు తెరిచి చూశాను, దొంగలా.
పొడుగునా అంకెలు, చివర మిగులు.
ప్రతి ప్రయాణం మధ్యలో
ఒక గడి గీసి ఉంది,
ఖాళీగా.