మూరా నాలుగు వేళ్ళు

డెబ్భై కావాలన్నాడు గౌతె.
డెబ్భై సెంటీమీటర్ల ఎత్తు.
రెండు కిటికీల మధ్య గోడ ఫొటో తీసుకొచ్చాడు,
సన్నగా, నిలువుగా ఖాళీ.
"ఎదురుగా నిలబడితే
సముద్రం నా ఛాతీ దాకా రావాలి."

నేను అద్దాలు కోసేవాణ్ణి.
ట్రోమ్సోలో ముప్పైయేడేళ్ళుగా
మంచుకి పగిలిన కిటికీలూ, పడవల అద్దాలూ,
ఒకసారి చర్చిది కూడా.
కిటికీ అద్దానికి గాలి వచ్చినప్పుడే పని.
తొట్టి అద్దానికి నిద్ర ఉండదు.

బారుగా ఎంత దూరం పడుకున్నా
నీళ్ళు అద్దాన్ని ఏమీ అనవు.
నిటారుగా లేచాయా,
అడుగున కడుపుతో నెడతాయి.
యాభైకి పది మిల్లీమీటర్ల మందం చాలు,
డెబ్భైకి పదిహేను కావాలి, అన్నాను.
ధర చెప్పాను.
ఆ ఏడు కాడ్ చేప బాగా పడింది.
ధర అతన్ని కదిలించలేదు.

వెలుతురు సంగతి చెప్పాను.
నవంబరు ఆఖర్న వెళ్ళిన సూర్యుడు
జనవరి నడిమి దాకా మొహం చూపించని ఊళ్ళో
పగడాలకి దీపమే పొద్దు.
ఆ పొద్దు నీళ్ళలో దిగేకొద్దీ అరిగిపోతుంది.
దీపం పెంచావా, పైవి వేడికి మాడతాయి.
తగ్గించావా, కిందివి ఆకలికి మాడతాయి.
తల ఊపాడు.
ఊపడమంటే వినడం కాదు.
మా జాలర్లందరూ అలాగే ఊపుతారు.

సరే, చెయ్యి చాపమన్నాను.
చంక నించి వేలి కొస దాకా
డెబ్భై మూడు.
"చూశావా" అని నవ్వాడు,
కొలత తనే కనిపెట్టినట్టు.

అప్పటిదాకా ఇంగ్విల్ మాట్లాడలేదు.
ఊలు తొడుగులు విప్పింది, కోటు విప్పింది,
స్వెటర్ చెయ్యి పైకి లాగి
తన చేతిని నా బల్లమీద పెట్టింది,
తూకానికి చేపని పెట్టినట్టు.
"ఇది కొలవండి.
ఏడాదిలో ఏడు నెలలు ఈయన బేరెంట్స్‌లో ఉంటాడు.
నాచు గీకేది ఈ చెయ్యి."

ఆ భుజాన్ని ఫిల్లెట్ల ఫ్యాక్టరీ పదకొండేళ్ళు వాడుకుంది.
చెవి దాటి లేవదు.
టేపు పక్కన పెట్టాను.
మా తాత టేపు లేని రోజుల్లో కొలిచినట్టే
మోచేతి నించి వేలి కొస దాకా ఒక మూర,
ఆ పైన, నొప్పి మొదలయ్యే లోపల,
నాలుగు వేళ్ళు.
నలభై ఎనిమిది.
అందులో ఇసక రెండు వేళ్ళు పోతుంది,
అంచు కింద ఖాళీ ఇంకో రెండు.

"గొర్రెల కుడితి తొట్టి" అన్నాడు గౌతె.

"అడుగందని సముద్రం బయట ఉందిగా"
అందామె, స్వెటర్ చెయ్యి దించుకుంటూ.
"అది నీది."

తగ్గిన ఎత్తుని వెడల్పులో వేశాను.
రెండు కిటికీల మధ్య పట్టదిప్పుడు,
కిటికీ కిందికి జరగాలి,
అక్కడున్న సోఫా ఎక్కడికి పోవాలో
దారిపొడుగునా వాదించుకుంటూ వెళ్ళారు.
గాజు మీద మైనం పెన్సిల్‌తో
నలభై ఎనిమిది అని రాసుకున్నాను.

డిసెంబరు రెండో వారం
మూల అతుకు చూసిపోదామని వెళ్ళాను.
మధ్యాహ్నం రెండు గంటలు, వీధిదీపాలు.
గదిలో ఆ నీలం వెలుతురొక్కటే.
గౌతె సముద్రంలో ఉన్నాడు.
ఇంగ్విల్ వాతావరణం గురించి చెబుతూ చెబుతూ ఆగి
చిన్న పీట లాక్కుంది.
వెనక మూలలో, రాళ్ళ సందున
నత్త ఒకటి వెల్లకిలా పడింది.
అవి తమంతట తాము తిరగలేవు.
నీళ్ళు మోచెయ్యి దాటాయి,
ఇంకో నాలుగు వేళ్ళు,
అక్కడ ఆగాయి.
రెండు వేళ్ళతో బోర్లా తిప్పింది దాన్ని.

డెబ్భై అయితే
ఆ నత్త తెల్లారేదాకా అలాగే ఉండేది.
మా ఊళ్ళో తెల్లారడానికి
ఇంకా ఐదు వారాలుంది.

నా రెండో వాయిదా కోసం ఫోను తీసింది.
తడి వేలికి అది పలకలేదు.
చెయ్యి గౌనుకి తుడుచుకుని
మళ్ళీ నొక్కింది.
ముంజేతి మీద ఉప్పు
అప్పుడే తెల్లగా ఆరుతోంది.