ఎర్రబొట్టు

గుర్రంపోడు దాటినంక బత్తాయి తోట.
వీపున మందు డబ్బా, ముక్కుకు తువాల.
"ఆగు పెద్నాయినా" అంటది సైదమ్మ,
తెగిన చెప్పు చేతిల పట్టుకొని.

"జిల్లేడు మీది దాన్ని సూడు.
కింది రెక్క నడుమ నల్లచుక్కలు లెక్కవెట్టు.
మూడో నాలుగో ఉంటే చేదుది, పిట్ట ముట్టదు.
ఒక్కటే ఉంటే
దాని వేషం గట్టింది, ఉత్తుత్తి బెదిరింపు."

లెక్కవెట్టిన. ఒక్కటే.
ఇన్నేండ్లు రెండూ ఒకటే అనుకున్న.

"మరి గిది?"
నలుపు మీద మజ్జిగ చిందినట్టు మచ్చలు,
తోక లేదు, రెక్క కొసకు ఎర్రబొట్టు.
పేరు చెప్పకుంట
బత్తాయి చిగురు తిప్పి చూపింది:
పిట్టరెట్ట లెక్క ముడుసుకున్న పురుగు.

నేను మందు కొట్టేది దీనికే.

సాలు చివర ఒక చెట్టున్నది, కాయ నిలవదు.
దాన్ని ఇడిసిపెట్టిన.
మిగిలిన తోటంతా కొట్టిన.
ఇంటిదాంక సైదమ్మ మాట్లాడలే.