మూడో గోడౌను సంజాయిషీ

కల్యాణదుర్గం మార్కెట్ యార్డులో
నలభై రెండు మూటల విత్తన బుడ్డలు
అడుగునుంచి ఖాళీ అయినాయి.
పైన కుట్టు కుట్టినట్టే ఉంది.

నష్టానికి కారణం అన్న గడిలో
సర్వేయరు ఇంగ్లీషులో ఒక్క మాట గీకి పోయినాడు:
బ్యాండికూట్.

మూడు నెలలకు ఫైలు తిరిగొచ్చింది.
"సదరు జంతువు ఆస్ట్రేలియా ఖండమున నివసించును.
కల్యాణదుర్గమునకు ఎట్లు వచ్చెనో
వారము లోపల సంజాయిషీ ఇవ్వవలెను."

హమాలీ హొన్నూరప్పకు చదివి వినిపిస్తే
కొక్కెం భుజానికి తగిలించుకొని
వక్కాకు పక్క దవడకు తోసి
పలికి చూసినాడు.
బ్యాండికూటు.
బాండికొట్టు.
పాండికొక్కు.
"ఓర్నీ, ఇది మనదే గదా సా!"

హైస్కూలు బీరువాలో అట్ట ఊడిన డిక్షనరీ,
చెదలు సగం చదివి వదిలేసింది.
ఆ మాట పక్కన
చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది:
తెలుగు.

రాసినాను.

అయ్యా,
పంది అంటే పందే. కొక్కు అంటే పెద్దెలుక.
ఏ దొర బస్తాకో ఒక రాత్రి చిల్లి పడింటుంది.
ఏంది ఇది అని అరిచింటాడు.
దీపం పట్టుకున్న బంట్రోతు చెప్పింటాడు.
దొర చెవిలో పట్టినంత పట్టింది,
మిగిలింది కింద రాలింది.
ఆ పేరు ఓడెక్కి పోయి
ఇంకేదో పొడుగు మూతి ప్రాణికి తగులుకుంది.
దాని పొట్టకు సంచి ఉంటుందంట.
మా దానికి లేదు.
మా సంచులే దాని పొట్ట.
కాబట్టి అది ఎక్కడినుంచీ రాలేదు.
పేరే పోయింది.

సంతకం పెట్టేలోపల
హొన్నూరప్ప వాళ్ళమ్మ సంగతి ఎత్తినాడు.
కరువేండ్లలో గడ్డపార తీసుకొని
చేను గట్టున బొరియ పట్టుకునేదంట.
మలుపు మలుపుకూ చెయ్యి పెట్టి, వాసన చూసి,
దొంగ నోట్లోనుంచి పోయిన దారినే
వెనక్కి వెనక్కి తవ్వేది.
చివర్న రెండు శేర్ల బుడ్డలు,
చల్లగా, ఒక్కటీ పగలకుండా.
కొన్ని దానికే వదిలేసి
మళ్ళీ మన్ను కప్పేది.

ఇది సంజాయిషీలో రాయలేదు.

ఏడాదిన్నర అయింది, డబ్బు రాలేదు.
హొన్నూరప్ప మాత్రం
మూట దించినప్పుడల్లా అడుగుతాడు:
"ఇన్నేండ్లు వాడుకున్నారు గదా సా,
ఆ మాటకు బాడుగేమన్నా వస్తాదా?"