చెక్కుబంది

రిజిస్ట్రారాఫీసు గోడవార
రబ్బరు స్టాంపులు చెక్కే సిబ్గతుల్లా ఖాన్
మిట్టమధ్యాన్నం నా బల్ల ముందు కూలబడి
"ఒక దస్తావేజు రాయల్ల సామీ" అన్నాడు.
"ఇల్లా, చేనా?"
"దేశం."

నలభై ఏండ్లుగా రాస్తున్నా.
బావిలో నీళ్ల వంతులు రాశాను,
చింతచెట్టులో పావు వాటా,
మాటల్లేని దాయాదులు నడిచే
మూడడుగుల రస్తా రాశాను.
దేశం రాయలేదు.
"చెక్కుబంది చెప్పు" అన్నాను, నోటి అలవాటుగా.

తూర్పు: సింధు నది.
పడమర: హెల్మంద్ ఏరు, దాని ఇసక.
ఉత్తరం: హిందూకుష్ మంచు.
నడిమధ్యన ఏ గీతా లేదు.
గీయడానికి ఒక దొర వచ్చాడంట,
ఆ పొద్దు చలికి బుడ్డిలో సిరా గడ్డకట్టిందంట,
పొయ్యి పక్కన పెట్టి కరిగించేలోగా
టీ తాగి, గుర్రమెక్కి వెనక్కి పోయాడంట.

"అట్ల జరగలేదు కదప్పా."
"జరిగింటే, అని రాయి.
జరిగినవన్నీ నీ కాగితాల్లో ఉండాయా ఏంది?"

జరిగింటే
కొండకు అవతలి మేనత్త
ఇవతలి కోడలి పురిటికి
ఏ గేటు దగ్గరా ఆగకుండా వచ్చేది.
ఏ జెండా కింద మేస్తున్నదీ మేకలకు ఇప్పటికీ తెలీదు,
కాపరికీ తెలియాల్సిన పనుండేది కాదు.
బన్నూ నుంచి కాందహారుకు రైలు.
పెషావరులో, గుండ్రంగా కూర్చునే సభ.
"ఆ గుండ్రంలో ఆడోళ్లకు చోటు పెట్టినావా?"
కాసేపు గడ్డం గీరుకున్నాడు.
"పెడదాం. ఇంకా ఎండని సిరానే కదా."

ఆయనకు పష్తో రాదు.
ఆయన ఉర్దూ కర్నూలు ఉర్దూ,
నక్కోతో మొదలై కదాతో ముగుస్తుంది.
గుర్రాల మీదొచ్చిన ముత్తాతలు
హంద్రీ ఒడ్డున గుమ్మటం కింద పడుకున్నారు,
పైన పావురాలు.
"ఇంగువ కట్టిన గుడ్డలం సామీ" అంటాడు,
తన చొక్కా తనే వాసన చూసుకుంటూ.

నవ్వేవాణ్ణే.
కానీ ఈ ఊరు మూడేండ్లు రాజధాని.
డేరాల్లో ఆఫీసులు, డేరాల్లో ఫైళ్లు,
డేరా నుంచి డేరాకు కట్టలు మోసిన బంట్రోతు మా తాత.
అంతా విప్పుకుని పోయిన రోజు
ఒక ఇనప మేకు ఇంటికి తెచ్చాడు.
రాష్ట్రాన్ని గాలికి ఎగిరిపోకుండా పట్టిన మేకుకు
మా బర్రెను కట్టేవాళ్లం.

"దక్షిణం చెప్పలేదు నువ్వు."
ఖాన్ తన కొట్టు గోడకేసి చూశాడు.
రెండువేల తొమ్మిది వరద గీత, తలకంటే ఎత్తున.
ఆ రాత్రి సర్పంచు, హెడ్మాస్టరు, మునసబు
ముద్రలన్నీ తలకిందులై తేలిపోయాయి.
మూడుసార్లు సున్నం కొట్టించాడు,
గీత మళ్లీ పైకొచ్చింది.
కాపలా లేదు, కంచె లేదు,
అటూ ఇటూ బల్లులు తిరుగుతున్నాయి.
"హంద్రీ" అన్నాడు.
రాశాను. దక్షిణం: హంద్రీ నది.

జేబులోంచి కొత్త స్టాంపు తీశాడు.
తిరగేసిన అక్షరాలు,
అద్దంలో తప్ప చదవలేం.
ఊది, అద్ది, కాగితం అడుగున నొక్కాడు.
దేశం పేరు కాదు, సింహం కాదు, కత్తి కాదు.
తెలుగు అక్షరాల్లో, ఊదారంగులో,
స్తడే మషే.

వాళ్ల నానీ, పనినుంచి వచ్చిన ఎవరినైనా
గడపలో ఆ మాటతోనే పలకరించేదంట.
ఏదో దువా అనుకున్నారు ఇంటిల్లిపాదీ.
ఎండు అంజూరాలు అమ్మవచ్చిన ఒకడు అర్థం చెప్పి,
చెప్పి, అక్కడే ఏడ్చాడంట.
అలసిపోకు, అని.

"దానికి బదులు మాట ఒకటుండాది సామీ.
వాడు చెప్పినాడు కూడా.
నేనే మరిచిపోయినా."

స్టాంపు కింద
ఒక వరస ఖాళీగా వదిలి,
రాసినవాడి సంతకం చేశాను.