ఏడు రూపాయలు

మబ్బుతోనే లేచి, కళ్యాణదుర్గం డిపో వెనక సందులో
బూట్ల తాళ్లు బిగిస్తా.
పదహారేండ్లు ఈ దావన నేను కదిలింది
ఒక చేత్తో కడ్డీ పట్టుకొని
ఇంకో చేత్తో చిల్లర ఎంచుతా.
కలెక్షన్ లేదని పోయిన ఉగాదికి సర్వీసు తీసేసినారు.
షుగరుందని అదే నెలలో డాక్టరు చెప్పినాడు.
రెండు కాగితాలూ ఒకే జేబులో పెట్టుకొని
ఇంటికొచ్చినా ఆ పొద్దు.

ఇప్పుడు ఆ రూటులో నేనే పరిగెత్తుతా.

బస్సులో తెలీలేదు, భూమి ఇట్ల ఊపిరి తీస్తుందని.
గేర్లు మార్చేది దస్తగిరి, రొప్పేది ఇంజను,
నాకు మిట్టా పల్లమూ ఒకటే టికెట్టు.
ఇప్పుడు పిక్కలు చెప్తాండాయి
గొల్లలదొడ్డి దాటినాక దావ ఎట్ల లేస్తుందో,
లేచి లేచి, రాళ్లగుట్ట భుజమెక్కి,
అట్నుంచి కాలుజారి వంకలోకి ఎట్ల పడుతుందో.
నీళ్లు లేని వంక. ఇసకలో నెమలి అడుగులు.
మళ్లా ఎత్తు. మళ్లా తగ్గు.
నా రొప్పు నాకే
పాత బస్సు మాదిరి వినపడుతుంది.

శెనక్కాయ చేన్లు ఇంకా పీకలేదు.
గెనిమ మీద దుప్పటి, దుప్పటి కింద ఎవరో.
రాత్రంతా అడవిపందులను అదిలించిన గొంతు
ఒక్క దగ్గు దగ్గి ఊరుకుంటుంది.
దూరాన గాలిమరలు:
మూడు తిరుగుతాండాయి, ఒకటి నిలబడుండాది
డ్యూటీ పడని మనిషి మాదిరి.

ఊర్లను నేను రూపాయల్లో గుర్తు పెట్టుకున్నా.
గొల్లలదొడ్డి పది. ఎర్రబండ పదహైదు. మిట్టమీదిపల్లి ఇరవై.
కాళ్లు వేరే లెక్క నేర్పిస్తాండాయి.
గొల్లలదొడ్డి అంటే కుంటికుక్క,
పొలిమేర దాకా మొరుగుతా వచ్చి
అక్కడ గీత గీసినట్లు నిలబడేది.
ఎర్రబండ అంటే తడిపేడ వాసన,
గొంగడి కప్పుకొని యాపపుల్ల నములుతా
"ఎవుర్ని తరుముతాండావప్పా" అనే బీరప్ప.
ఎవుర్నీ లేదు మామా, అంటా.
"అయితే నిన్నెవురు తరుముతాండారు?"
దానికి జవాబు చెప్పేంత ఊపిరి ఉండదు.

మిట్టమీదిపల్లి షెల్టరు కాడ
మొన్న మారెక్క చెయ్యి అడ్డం పెట్టింది.
బస్సుకు పెట్టినట్లే, మోచెయ్యి వంచకుండా.
నా కాళ్లు వాటంతటవే బ్రేకేసినాయి.
కండక్టరుసారూ, యాడ సచ్చినావు ఇన్నాళ్లు, అని
కొంగుముడి విప్పింది:
రెండు వక్కముక్కలు, ఒక బీగంచెవి,
నాలుగు మడతల టికెట్టు.
అచ్చు మాసిపోయింది, యాడనుంచి యాడికో తెలీదు.
వెనక మాత్రం నీలం పెన్నుతో నా రాత:
ఏడు. చుట్టూ సున్న.

దిగేటప్పుడు తీసుకో అవ్వా, అనుంటా.
దిగేటప్పుడు నేను ఫుట్‌బోర్డు మీది పిల్లోళ్లను అరుస్తాంటా.
ఎంతమందికి ఇట్ల రాసిచ్చినానో,
ఎన్ని కొంగుల్లో ముడిపడి ఉండానో.

నిక్కరుకు జేబుంది, జేబులో ఏమీ లేదు.
రేపు తెస్తా, అన్నా.
రేపు నీ బస్సు రాదు గదా, అనింది.
నేనొస్తా.
ఎగాదిగా చూసింది, చెమట, బూట్లు,
తొమ్మిది కిలోమీటర్ల ఎర్రదుమ్ము.
నువ్వా, అని నవ్వి
నా చేతిలో ఒక వక్కముక్క పెట్టింది.

మర్నాడు డ్యూటీకి ముందే పోతే
తలుపుకు బీగం.
పత్తి తీయను బళ్లారి దిక్కు కూలికి పోయిందంట.
ఎన్నాళ్లని అడిగితే పక్కింటామె
చెయ్యి గాల్లో తిప్పింది.

ఆమె చేతికే ఇచ్చి రావచ్చు. బీరప్పకన్నా ఇయ్యొచ్చు.
ఇయ్యలే.
ఒక ఐదుబిళ్ల, ఒక రెండుబిళ్ల.
రుమాల్లో కట్టినా జేబులో గలగలమంటాయి,
మిట్ట ఎక్కేటప్పుడు నిదానంగా
పల్లంలో గబగబా.
గొల్లలదొడ్డి కుక్క ఆ సప్పుడుకు
చెవులు నిక్కిస్తుంది, మొరగడం మానేసింది.
పొలిమేర గీత దాటి
ఒక ఇరవై అడుగులు నా వెంట వస్తుంది,
టికెట్టు లేకుండా.