వదిలెయ్యాల్సిన ఒక్క పని

నక్కలగుట్టల హోటల్, రెండో అంతస్తు.
ఏసీ చలికి కొంగు కప్పుకొని ఇరవై రెండు మందిమి
మెడల పేర్లు ఏలాడేసుకొని
బడిపిల్లల్లెక్క కూచున్నం.
కింద రోడ్డు మీద మిర్చిబస్తాల లారీ పోతే
అందరికీ ఒక్కసారే తుమ్ములు.
మూడు రోజుల్ల మా అందరి అభిప్రాయం కలిసింది
ఆ ఒక్క ముచ్చటల్నే.

నేర్పేటామె హైదరాబాద్ నుంచి వచ్చింది.
మంచి మనిషే, ఎంగిలి కప్పులు తనే తీసింది.
"మీ నాయకత్వాన్ని బొమ్మ గీయండి" అన్నది మొదటి రోజు.
ఉట్నూరు ఆత్రం లచ్చుబాయి వాగు మీద కట్టెల వంతెన గీసింది.
ముసలోళ్ల ఆశ్రమం ఇన్నయ్య గొడుగు గీసిండు.
కుష్ఠు కాలనీ చూసే షాహీన్ చెప్పుల జత గీసి,
స్పర్శ లేని కాళ్లకిచ్చే మెత్తటి రబ్బరు చెప్పులు,
ఏం చెప్పకుంట కూచున్నది.
నేను తాళంచెవుల గుత్తి గీసిన.
గీసినంక నాకే సిగ్గయింది.

పందొమ్మిది చెవులు.
కాజీపేట జంక్షన్ల దిక్కులేక దిగే పిల్లలకు
మేం నడిపే ఇంటివి.
బియ్యం అర్రది, మందుల బీరువాది, ఫైళ్లది.
ఒకటి ఏ తాళానిదో మరిచి ఏడేండ్లయితుంది,
అయినా గుత్తిల నుంచి తియ్యలేదు.

రెండో రోజు పాఠం, వినడం.
పందొమ్మిది చెవులున్నదాన్ని
నాకు వినుడు నేర్పుతరా అని లోపల్లోపల నవ్వుకున్న.

ఇరవై ఆరేండ్ల కింద
పల్లీల పొట్లం పట్టుకొని
రెండో నంబర్ ప్లాట్‌ఫారం మీద పిల్లల పక్కన కూచునేదాన్ని.
ఇప్పుడు తలకెంత ఖర్చో పైసలతో సహా చెప్పగల,
ఏ దాతకు ఏ వాక్యం దగ్గర నడుం వంచాల్నో ఎరుక.
మొన్న ఒక పిలగాడు
"గీ మేడం ఎవరు?" అని వంటామెను అడిగిండు.

మూడో రోజు పొద్దుగాల
ఫోన్లన్నీ సైలెంట్ల పెట్టించి వెదురుబుట్టల వేయించింది.
తలా ఒక పసుపుపచ్చ చీటీ.
"రేపటి నుంచి మీరు చెయ్యకూడని పని, ఒక్కటే, రాయండి."
బుట్టల నా ఫోను తేలులెక్క గిరగిర తిరిగింది.
రవళి. మళ్లా రవళి. నాలుగుసార్లు.
లేవబోతే షాహీన్ నా మోకాలి మీద చెయ్యి పెట్టింది.
ఆ చెయ్యి బరువు లేదు. అయినా లేవలేకపోయిన.

చాయ్ బ్రేక్ల మెట్ల మీద నిలబడి చేసిన.
"అయిపోయింది మేడం.
దానాపూర్ ఎక్స్‌ప్రెస్ల ఇద్దరన్నదమ్ములు దిగిన్రు,
చిన్నోని ఒళ్లు కాలిపోతుండె.
బీరువా చెవి మీ దగ్గర్నే పాయె,
తాళం పలగొట్టి మందేసిన.
ఇప్పుడు ఎంజీఎంల ఉన్నం."

నా నోట్లకెళ్లి మొదట వచ్చిన మాట:
"తాళానికి వోచర్ రాసినవా?"

అవతల చప్పుడు లేదు.
ఆస్పత్రిల ఎవరిదో దగ్గు, స్ట్రెచర్ చక్రాల కీచుమనుడు.
నాలుక కొరుక్కొని అడిగిన,
"చిన్నోని పేరేంది బిడ్డా?"
"ఇంకా అడగలే మేడం.
ముందు ఆకలడగాలె, పేరు తర్వాత అని
మీరే అన్నరు గద."

ఎప్పుడన్ననో నాకు యాదికి లేదు.
ఆలస్యంగ వస్తున్నదని
రెండుసార్లు మెమో ఇచ్చిన పిల్ల.

తిరిగొచ్చి కూచున్న. చీటీ అట్లనే ఉన్నది.
సంచిల చెయ్యి పెట్టి
బీరువా చెవిని రింగుల నుంచి గుంజిన.
రింగు బిగుసుకపోయింది. గోరు విరిగింది.
ఏ తాళానివీ కాని చెవులు
ఇప్పుడు రెండు.

"రాశారా?" అని ఆమె నా కుర్చీ దగ్గర ఆగింది.
"రాస్తున్న మేడం, రింగు రాదు" అన్న.
ఆమెకు సమజ్ కాలేదు.
షాహీన్ తన తలపిన్ను తీసి ఇచ్చింది.
కింద ఇంకో లారీ పోయింది.