ఆరు నిమిషాల గాలి

నలభై నిమిషాలు కరెంటు తాగి
ఆరు నిమిషాలు ఎగురుతుంది.
"నా మొగుడు కూడా ఇంతే" అంటుంది కింది వాటా రెడ్డెమ్మ,
మెట్ల మీద కూచుని బియ్యం ఏరుకుంటా.

కొర్లగుంటలో మా మిద్దె చిన్నది.
ఒకపక్క నీళ్ల ట్యాంకు, ఒకపక్క కేబుల్ తీగలు,
నడుమ ఇంకా ఎత్తని వడియాల గుడ్డ.
మిగిలిన చోటే మా విమానాశ్రయం.

బస్టాండు దగ్గర ఎనిమిది వందలు చెప్పినాడు,
ఐదొందల యాభైకి తెగింది.
అట్టపెట్టె మీద ఎవరో పైలెట్ నవ్వుతా ఉన్నాడు,
లోపలి కాగితం నిండా చీనా అక్షరాలు.
హేమకీ రాదు, నాకూ రాదు.
రెక్క విరిగినప్పుడల్లా ఒక్కో వాక్యం నేర్చుకున్నాం.

మొదటిది, ఎండలో మాట వినదు.
రిమోట్ కొసన ఏదో కనబడని వెలుగంట,
సూర్యుడి ముందు దాని గొంతు లేవదు.
అందుకే కొండ నల్లబడేదాకా ఆగుతాం.
హేమ మాత్రం ఐదింటికే చెప్పులు విడిచి సిద్ధం.

రెండోది, రెక్కల మరలు గట్టిగా బిగించకూడదు.
నేను బిగించినాను.
లేచినట్టే లేచి, చలిజ్వరమొచ్చినట్టు వణికి
గుడ్డ మీద పడింది.
ఒక రెక్క, ఏడు వడియాలు.

మిక్సీలు బాగుచేసే షఫీవుల్లా చూసి నవ్వినాడు.
"వదులుండాల మునెమ్మక్కా,
తిరిగేటప్పుడు అదే సర్దుకుంటాది.
నీ కత్తిని నువ్వు బిగించి పట్టుకుంటావా?"

లేదు.
కల్యాణకట్టలో పన్నెండేళ్లు.
కళ్లు మూసుకుని వంచిన తలల మీద,
చెవి వెనక మలుపు దగ్గర
బొటనవేలు ఎంత బరువెయ్యాలో
నాకెవరూ కాగితం మీద రాసివ్వలేదు.

ఎడమ పుల్ల మీద ఆ బరువే పెట్టినాను.
జానెడు లేచింది,
గాలిలో నిలబడింది
మెడ నిలిపిన పసిబిడ్డ మాదిరి,
ఇంకా కొంచెం అనుమానంగా.

తోక ఎడమకి పోతా ఉంటే
నడిమి చిన్న చక్రాన్ని కుడికి ఒక పిసరు తిప్పాల.
రెండు పిసర్లయితే ట్యాంకుకి కొట్టుకుంటుంది.
కొట్టుకుంది.

మొన్న శుక్రవారం అసలు లేవలేదు.
లోపల మోటారు మూలుగుతా ఉంది,
కాలిన వాసన.
టిఫిన్ క్యారియర్ మూతలో మరలన్నీ పోసి
ఒక్కో పొర విప్పుకుంటూ పోతే
నడిమి కడ్డీకి చుట్టుకుని, వెంట్రుక.

నాది సగం నెరిసింది.
హేమది మెడ దాకా కత్తిరించిన జుట్టు.
ఇది నల్లగా, పొడుగ్గా, కొబ్బరినూనె నున్నగా.
నా చీర కుచ్చిళ్లకి అంటుకుని
బస్సెక్కి కొండ దిగొచ్చిందేమో.
ఏ ఊరి పిల్లదో. ఏం మొక్కుకుందో.

పట్టకారుతో కొస దొరకబుచ్చుకుని
తెగకుండా, చుట్టు తర్వాత చుట్టు
హేమ లెక్కపెడతా ఉంటే
పదకొండు చుట్లు తీసినాను.
"ఇది దేవుడిది కదమ్మా, మళ్లీ పైకి పంపిద్దామా?"
నాకేం చెప్పాలో తోచలేదు.
గోడవార నిలబడి వేళ్లు వదిలినాను.
కేబుల్ తీగల దాకా కనిపించింది.

కడ్డీకి కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క.
కాలిన బ్యాటరీ చల్లారేదాకా ఛార్జింగు పెట్టకూడదు,
అది ఎన్నో వాక్యమో మరిచిపోయినా.
అంతసేపూ హేమ దానికి విసనకర్రతో విసిరింది.

ఏడుంబావుకి లేచింది.
ఈసారి రిమోట్ హేమ చేతిలో.
రెడ్డెమ్మ బియ్యం చాట వదిలేసి
నాలుగు మెట్లు ఎక్కొచ్చి చూసింది,
ఏమీ అనలేదు.

మూతలో ఒక మర మిగిలిపోయింది.
ఎక్కడిదో ఎంత వెతికినా తెలియలేదు.
అది లేకుండానే ఎగురుతా ఉంది.
పారెయ్యడానికి చెయ్యి రాక
పసుపు డబ్బా పక్కన పెట్టినాను.